వాళ్లు ఏం తిని బతికారు?

మైపాడు దాటి కాస్త ముందుకు పోతే వచ్చే పట్టపు మత్స్యకారులుండే ఒక పాలెంలో, వేట నిషేధం రోజుల్లో, పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో 'దేవర' సినిమా గురించి మాట వచ్చింది. నేను బ్యాంకు ఉద్యోగిని. పడవలకూ ఇంజన్లకూ ఇచ్చిన అప్పుల పని మీద ఆ పాలేలకు పోయి వస్తూ ఉంటాను. ఆయన నెల్లూరు వచ్చి ఇంటిల్లిపాదితో సినిమా చూశాడట. పాటలు నచ్చాయి, సముద్రం మీద ఫైట్లు నచ్చాయి. అదంతా చెప్పి, చేతిలో సూది పక్కన పెట్టి అడిగాడు: "అంతా బాగుండాది సార్. దొంగసరుకు తేవద్దన్నాడు, సరే. మరి అన్నేళ్లు ఆ నాలుగూళ్లూ ఏం తిని బతికినాయో చూపీలేదే?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ మధ్య ఎంతో ఊరించి వచ్చి, ఆ స్థాయికి చేరలేకపోయిన పెద్ద సినిమాలను ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పోతే, చాలావాటికి ఆ ప్రశ్నే తగులుతోంది.

మనం మామూలుగా చెప్పుకునే కారణాలు వేరు. సెకండాఫ్ సాగదీశారు, గ్రాఫిక్స్ తేలిపోయాయి, పాటలు అడ్డం పడ్డాయి, హీరోయిన్‌కు చెయ్యడానికి ఏమీ లేదు. అన్నీ నిజమే. అయితే సెకండాఫ్ ఎందుకు సాగుతుంది? నాకు తోచిన సమాధానం ఇది. ఈ సినిమాలు మొదటి అరగంటలో ఒక పనిని చూపిస్తామని మనకు మాటిస్తాయి. సముద్రం మీద బతికే పని, కలెక్టరు పని, అడవిలో దుంగలు కొట్టి మోసే పని. ఆ మాట నమ్మి మనం కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాం. గంట తిరిగేసరికి పని మాయమైపోయి, దాన్ని చేసే మనిషొక్కడే తెర మీద మిగులుతాడు. అక్కణ్ణుంచి ఆ మనిషి ఎంత గొప్పవాడో చెప్పుకుంటూ పోవడమే. అది ఎంతసేపని చెప్తారు?

దురాయి

'దేవర' 2024 సెప్టెంబరు 27న వచ్చింది. చీకట్లో నీళ్ల మీద పోయి, ఓడ ఎక్కి, ఎవరి కంటా పడకుండా సరుకు దించుకొచ్చే ఘట్టం నాకు చాలా ఇష్టం. ఆ నాలుగు ఊళ్ల మధ్య ఉన్న పంతాలు, ఆయుధపూజ, గెలిచిన ఊరికి దక్కే గౌరవం, అన్నీ ఒక లోకంలాగా నిలబడ్డాయి. తాము దించిన ఆయుధాలు ఏం చేస్తున్నాయో కళ్లారా చూశాక ఆ పని ఇక చెయ్యకూడదంటాడు దేవర. మాట వినని వాళ్ల కోసం తానే సముద్రంలోకి పోయి, ఒక భయంగా మారి కాపలా కాస్తాడు. ఇది చాలా పెద్ద ఆలోచన. మన తెలుగులో ఒక స్టార్ హీరోకు ఇంత మంచి ఆలోచన దొరికి చాలా కాలమైంది.

మా తీరంలో ఇట్లాంటిది కొత్త కూడా కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పట్టపు గ్రామాల్లో కాపులు, అంటే ఊరి పెద్దలు, కూర్చుని దురాయి వేస్తారు. ఫలానా వల వెయ్యకూడదు, ఫలానా వాళ్లతో పని పెట్టుకోకూడదు అని ఊరంతటికీ కట్టుబాటు. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను చెప్పేది, కట్టుబాటు పడిన మర్నాడు పొద్దున ఆ ఊళ్లో ఏం జరుగుతుందన్నది. దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవాడు ఉంటాడు, పైకి తలాడించి లోపల మండిపడేవాడు ఉంటాడు, రాత్రి పూట దాటేవాడు ఉంటాడు, దాటినవాడి తమ్ముడు ఉంటాడు. వీళ్లందరి ఇళ్లలోనూ పొద్దున్నే బియ్యం కావాలి.

ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో పది వేల నుంచి ఇరవై వేలయింది. అయినా ఏప్రిల్ నెలాఖరుకు మా కౌంటరు దగ్గరకు చిన్న చిన్న బంగారు వస్తువులు రావడం మొదలవుతుంది. కమ్మలు, సన్న ఉంగరం, నల్లపూసల మధ్య ఉండే రెండు గుండ్లు. అప్రైజరు రాయి మీద గీసి, చుక్క వేసి, తూకం చెప్పేదాకా ఆ ఇల్లాలు గాజు అద్దం మీద చెయ్యి పెట్టి అట్లాగే చూస్తుంటుంది. ఎంత వస్తుందని నోరు తెరిచి అడగదు. వేట మొదలయ్యాక చాలామంది విడిపించుకుపోతారు, కొందరివి ఏడాది తిరిగినా లోపలే ఉంటాయి. రెండు నెలలకే ఇట్లా ఉంటే, ఏళ్ల తరబడి సముద్రం వైపు పోవాలంటే భయపడే ఊళ్లో పరిస్థితి ఏమిటి? సినిమాకు కావలసిన రెండో సగమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అప్పుడు దేవరకు ఎదురు నిలిచిన భైర కూడా ఇంకో మనిషి అయ్యేవాడు. అతని పక్కన నిలబడ్డ వాళ్లకూ పిల్లలున్నారు. "ఆయన నీతి కోసం నా బిడ్డ ఎందుకు పస్తుండాలి?" అని ఒక్క తల్లి అడిగినా, దేవర నిజంగా ఇరుకున పడేవాడు. చూసేవాళ్లకు కూడా ఎటు మొగ్గాలో తెలియని టెన్షన్ వచ్చేది. సైఫ్ అలీ ఖాన్ లాంటి నటుణ్ణి తెచ్చుకుని, ఆ పాత్రకు పగ తప్ప ఇంకో కారణం ఇవ్వలేదు. దేవర కొడుకు పిరికివాడా కాదా అన్న ఒక్క సందేహం మీద, ఒక ప్రేమకథ మీద మిగతా సగం గడిచిపోయింది. చివరికి ఒక ప్రశ్న అడిగి, జవాబు రెండో భాగంలో అన్నారు.

వలల గురించి ఎవరు చూస్తారని అడిగేవాళ్లకు ఒక సంగతి. 2020 డిసెంబరులో, చీరాల ఇంకా ప్రకాశం జిల్లాలోనే ఉన్నప్పుడు, వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు బల్లవల, ఐలవల తగాదాతో కొట్టుకునేదాకా వచ్చారు. వల కన్ను ఎంత ఉండాలన్నదే మూలం. కన్ను మరీ చిన్నదైతే పిల్లచేప కూడా వచ్చేస్తుంది, రేపు సముద్రంలో ఏమీ మిగలదు. పెద్దదైతే ఈ రోజు పడవ ఖర్చు రాదు. చుట్టాలున్న రెండు ఊళ్లు అంగుళాల లెక్క మీద ఎదురెదురు నిలబడ్డాయి. నాకు తెలిసి మన తీరం మీద ఇంతకన్నా గట్టి కథ లేదు.

పోలింగు రాత్రి, వేలం పాట

'గేమ్ ఛేంజర్' 2025 జనవరి 10న సంక్రాంతికి వచ్చింది. శంకర్ దర్శకుడు, రామ్ చరణ్ కలెక్టరు. కథ ఎన్నికల చుట్టూ తిరుగుతుందని తెలిసినప్పటి నుంచి నేను ఎదురుచూశాను. బ్యాంకు వాళ్లను ఎన్నికలకు మైక్రో అబ్జర్వర్లుగా, అంటే పోలింగు సరిగ్గా జరుగుతోందో లేదో దగ్గరుండి చూసేవాళ్లుగా వేస్తారు. ఆ పని చూసినవాడికి దాని మీద సినిమా అంటే ఆశ పుడుతుంది.

2024 మే 13న జిల్లాలో ఒక పల్లె బడిలో నాకు డ్యూటీ. తెల్లారకముందే మాక్ పోల్ పెట్టారు. ఏజెంట్ల కళ్లముందు కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, వాటిని తుడిచేసి, అప్పుడు యంత్రానికి సీలు వేస్తారు. ఒక పార్టీ ఏజెంటు, అరవై దాటిన రైతు, ఆ సీలు మీద నంబరు తన జేబు పుస్తకంలో రాసుకున్నాడు. కళ్లజోడు తెచ్చుకోలేదు. సరిగ్గా రాశానో లేదో చూడమని పుస్తకాన్ని అవతలి పార్టీ ఏజెంటుకే ఇచ్చాడు. ఆ కుర్రాడు అంకెలు ఒక్కొక్కటే చదివి, ఒకటి దిద్ది ఇచ్చాడు. బయట వాళ్లిద్దరి మనుషులూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. సాయంత్రం ఆరు దాటాక, వరుసలో చిట్టచివర ఉన్న మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు చీటీలు ఇచ్చుకుంటూ వచ్చారు, కొత్తగా ఎవరూ వెనక చేరకుండా. చంకలో పిల్లతో నిలబడ్డ ఒక అమ్మాయి, తన చీటీ వచ్చేదాకా వరుస వదిలి మంచినీళ్లకు కూడా పోలేదు.

ఎన్నికలంటే నాకు ఇదీ. ఆ రోజు నేను చూసిన నమ్మకంలో, అనుమానంలో ఎంత నాటకం ఉందో, కోట్లు పెట్టి తీసిన ఆ సినిమాలో అంత లేదు.

అందులో కలెక్టరు తండ్రి అప్పన్న కథ బాగుంది. ఆ మాట అందరూ అన్నారు, నేనూ అంటాను. మాట తడబడే మనిషి పార్టీ పెట్టి, డబ్బు పంచకుండా ఎన్నికలకు పోవాలని పట్టుబడతాడు. పక్కనున్నవాళ్లే అతన్ని ముంచుతారు. డబ్బు లేకుండా ఎన్నికలు! ఈ ఒక్క మాట మీద మూడు గంటల సినిమా నిలబడుతుంది. జీపులో డీజిల్ ఎవరు పోస్తారు? ఏజెంటుగా కూర్చునేవాడికి మధ్యాహ్నం అన్నం ఎక్కణ్ణుంచి వస్తుంది? "ఆయన మంచోడే, మరి మాకేంటి?" అనే ఓటరుకు ఏం చెప్తారు? సినిమా ఆ దరిదాపులకు వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి పోయింది. మిగిలిందంతా ఒక కలెక్టరు, ఒక ముఖ్యమంత్రి కుర్చీ, వాళ్ల మధ్య ఎత్తులు పైయెత్తులు. జనం చప్పట్లు కొట్టడానికి ఉన్నారు.

నెల్లూరు జిల్లాలో ఉంటూ ఇది చూస్తే బాధ ఇంకా ఎక్కువ. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది ఇక్కడి దూబగుంటలో. రాత్రి బడికి పోయి, అక్షరాలు దిద్దుకుంటూ, సారా వల్ల ఇల్లు పాడైన సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు తమ ఊళ్లో దుకాణం మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది. నెల్లూరులో సారా వేలం పాట పెట్టిన రోజల్లా వేలమంది వచ్చి అడ్డంగా నిలబడితే, పాట వాయిదా మీద వాయిదా పడింది. పాట జరగకపోతే ఖజానాకు రాబడి లేదు. 1993లో ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. వీళ్లలో ఒక్కరు కూడా ఒంటిచేత్తో వంద మందిని కొట్టలేదు. పాట ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బస్సుకు పోతే అందుకోవచ్చు, గొడ్లకు మేత ఎవరు వేస్తారు, ఇంట్లో తాగి ఉన్నవాడితో ఎట్లా, ఇవన్నీ వాళ్లు చూసుకున్నారు. వ్యవస్థ ఎట్లా మారుతుందో చెప్తానన్న సినిమా నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది.

మేనల్లుడి వాదన

ఇవన్నీ ఒంగోలులో ఇంజినీరింగు చదివే మా మేనల్లుడితో అంటే గట్టిగానే ఎదురు తిరిగాడు. "పనులు చూడాలంటే యూట్యూబ్ ఉంది కదా మామా. వలలు అల్లేది చూడ్డానికి థియేటర్‌కు ఎవరు పోతారు? 'పుష్ప 2' చూడు. నువ్వు చెప్పినవేమీ లేకుండానే దేశమంతా ఆడింది."

తేలిగ్గా కొట్టేసే మాట కాదు ఇది. 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్‌కు 800 రూపాయల టికెట్, పైన జీఎస్టీ, అంత పెట్టి వీడూ స్నేహితులూ చూసి, అరుచుకుంటూ బయటికొచ్చారు. వాళ్ల ఆనందం అబద్ధమని నేనెట్లా అంటాను? ఆ జాతర ఘట్టం నన్ను కూడా కదిలించింది.

అయినా వాణ్ణి నేనొకటి అడిగాను. 2021లో వచ్చిన మొదటి 'పుష్ప'లో నీకేం గుర్తుందిరా? ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాడు: పాల ట్యాంకర్. సరిగ్గా అదే. పైన పాలు, లోపల ఎర్రచందనం దుంగలు. ఆ సినిమాలో పుష్పరాజ్ ఒక కూలి. ఎన్ని దుంగలు, టన్నుకు ఎంత, మధ్యలో ఎవడికి ఎంత పోతుంది అని లెక్క వేసుకుంటూ పైకి వచ్చాడు. ఆ లెక్క మనకు కూడా తెలుస్తుంది కాబట్టి, వాడు గెలిచినప్పుడల్లా మనమే గెలిచినట్లు అనిపించింది. రెండో భాగంలో రెండు వేల టన్నుల పందెం. సరుకు అంకెగా మారిపోయింది. అంకె ఎంత పెద్దదైనా దాన్ని ఎవరూ భుజాన మొయ్యరు. మోసే కూలీలు తెర మీద గుంపుగా కనపడి పోయారు. వెలుగొండ అడవుల పక్కన, రాపూరు వైపు తిరిగినవాళ్లకు ఎర్రచందనం అంటే మొదట గుర్తొచ్చేది ఆ కూలీలే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. మొదటి భాగం ఆ కూలి భుజం మీద చెయ్యి వేసి మొదలైంది. రెండో భాగం ఆ చెయ్యి తీసేసింది. డబ్బులొచ్చాయి కాబట్టి ఇది లోపం కాదంటే నేను ఒప్పుకోను.

హీరో ఉన్నాక ఇట్లాగే ఉంటుందనే వాదన కూడా ఉంది. అదీ నిలవదు. 'పుష్ప' తీసిన ఇదే సుకుమార్, ఇదే రామ్ చరణ్ 2018లో 'రంగస్థలం' తీశారు. చిట్టిబాబు ఇంజను పెట్టి పొలాలకు నీళ్లు తోడేవాడు. చెవి సరిగ్గా వినపడదు. ఆ ఊళ్లో పోరాటమంతా సొసైటీ అప్పు మీద, దాని వడ్డీ మీద, ఆ వంకన పోయే పొలాల మీద. లెక్క చూపించమని అడగడమే అక్కడ తిరుగుబాటు. అప్పుల కాగితాల మధ్య బతుకుతున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, తీసుకున్నది ఎంత, కట్టింది ఎంత అన్నది తెలియని రైతు ముఖం ఎట్లా ఉంటుందో ఆ సినిమా సరిగ్గా పట్టుకుంది. ఫైట్లు ఉన్నాయి, పాటలు ఉన్నాయి, ఈలలు వేశారు, బాగా ఆడింది.

పనిలో నాటకం లేదన్న మాట కూడా నాకు వింతగా ఉంటుంది. మా అమ్మ వాళ్లది కొండపి పక్క పల్లె. వాళ్లంతా పొగాకు రైతులు. ఆకు రెలిచి, ఆకు కాల్చే బ్యారన్‌కు ఎక్కించి, రాత్రుళ్లు నిద్ర మానుకుని మంట చూసుకుని, గ్రేడు చేసి, బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తెస్తారు. వరుసగా పేర్చిన బేళ్ల మధ్య కొనేవాళ్లు నడుచుకుంటూ పోతారు. గుప్పెడు ఆకు లాగి చూసి, వాసన చూసి, వదిలేస్తారు. ఒక్కో బేలు ముందు ఎంతోసేపు ఆగరు. ధర పడిందా సరే, పడకపోతే దాని మీద 'నోబిడ్'. ఏడాది కష్టం మీద ఆ ఒక్క మాట పడినప్పుడు మా చిన్నమామ ఏమీ మాట్లాడడు. వంగి, వాళ్లు లాగి పడేసిన ఆకు ఏరి మళ్లీ బేల్లో సర్దుతాడు. ఏ ఇంటర్వెల్ సీనుకు దీనికన్నా ఉత్కంఠ ఉంది?

నాకున్న అనుమానం ఒకటే. పనిని చూపించడం కష్టం. దానికి ఆ ఊరికి పోయి ఉండాలి, అడగాలి, వినాలి, రాసుకోవాలి. తేదీ ముందే ప్రకటించి, సెట్టు వేసి, హీరో డేట్లు చూసుకుని మొదలుపెట్టే సినిమాకు ఆ తీరిక దొరకడం లేదేమో. 2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' చిన్న సినిమా, అందులో ఒక జూనియర్ లాయరు కేసు కాగితాలు చదివి, సాక్షి మాటల్లో పొసగనిది పట్టుకోవడమే ఫైటు. జనం కదలకుండా చూశారు. 2023లో వచ్చిన 'బలగం'లో ఒక చావు, దినకర్మలు, పిట్ట ముట్టని ముద్ద. అంతే. కన్నీళ్లు పెట్టుకోకుండా చూసినవాళ్లు తక్కువ. వాటికి ఉన్నది డబ్బు కాదు, తెలుసుకునే ఓపిక. ఆ ఓపికను పెద్ద డబ్బుతో కలపకూడదని ఎక్కడా లేదు.

అందరికీ అర్థం కావాలి కదా

ఈ మధ్య ఇంకో మాట ఎక్కువగా వినపడుతోంది. ఐదు భాషల్లో విడుదల చెయ్యాలి, మన ఊరి పని హిందీవాడికి, తమిళుడికి ఏం అర్థమవుతుంది, అందుకే ఎక్కడిదో చెప్పలేని ఊరు, ఎవరికైనా అర్థమయ్యే హీరో అని. సినిమా వాళ్లే కాదు, మామూలు ప్రేక్షకులు కూడా ఇదే చెప్తున్నారు. ఈ నమ్మకమే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోందని నా అభిప్రాయం.

2022 అక్టోబరులో కన్నడ 'కాంతార' తెలుగులో వచ్చింది. కర్ణాటక తీరంలోని తుళునాడు అడవి, దైవం పూనే భూతకోల, దున్నల పందెం కంబళ. మనకు ముక్క తెలియదు. నెల్లూరు హాల్లో నా పక్కన ముగ్గురు పల్లెటూరి మనుషులు కూర్చున్నారు, మాట తీరు చూస్తే అద్దంకి వైపు వాళ్లలాగా ఉన్నారు. బురదలో దున్నలు పరుగెత్తే ఘట్టం రాగానే వాళ్లలో ఒకాయన హీరోను చూడడం మానేశాడు. తిరునాళ్లలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు చూస్తూ పెరిగినవాడై ఉంటాడు. "ఎడమ దాని కాలు చూడు, అది తగ్గతా ఉండాది, వాడు దాన్నే అదిలించాల" అన్నాడు పక్కవాడితో. తెర మీద సరిగ్గా అదే జరిగినట్లు ఆయన గట్టిగా తొడ చరిచాడు.